గిటారుకు ఎట్టి ఆంప్లిఫయరు తగును?



ఈ నెల ధ్యానమునకు ఇట్టి శీర్షికను చూచి మీలో కొందరు నవ్వుకొనవచ్చును. ప్రార్థనను గూర్చియో ఉపవాసమును గూర్చియో వ్రాయవలసిన పుటలో కరెంటు పెట్టెను గూర్చి వ్రాయుట ఏమని అడుగవచ్చును. అయితే గడచిన రెండు సంవత్సరములలో మా సంఘమునందు ఎక్కువ మాటలు పుట్టించినది ఈ పెట్టెయే. నన్ను నేను పరీక్షించుకొనునట్లు చేసినదియు ఇదియే. పెద్ద సంగతులలో మనము జాగ్రత్తగా మాటలాడుదుము. చిన్న వస్తువు కొనునప్పుడే మన హృదయము ఎటు వంగియున్నదో బయటపడును. కాబట్టి జరిగినది దాచక వ్రాయుచున్నాను.

మాది చిన్న గ్రామము. ఆదివారమునాడు గుడికి 100 మంది వత్తురు. సిమెంటు గోడలు, పైన రేకులు. పూర్వమునుండి మాకు హార్మోనియము, డోలకు, తాళములు కలవు. వీటన్నిటికంటె ముందు మాకు ఒక అవ్వ కలదు. ఆమెకు అక్షరము రాదు గాని కీర్తనలు కంఠస్థముగా వచ్చును. పాస్టరుగారు పాట సంఖ్య చెప్పగానే, పుస్తకములు తెరచువారు ఇంకను పుటలు త్రిప్పుచుండగానే, ఆమె ఎత్తుకొనెడిది. సంఘమంతయు ఆమె వెనుక నడచెడిది. ఏబది ఏండ్లుగా మా పాటకు ఆమెయే శ్రుతి.

పట్టణములో చదువుకొనుచున్న మా యౌవనస్థుడొకడు చెక్క గిటారు నేర్చుకొని వచ్చెను. చెక్క గిటారనగా కరెంటుతో పనిలేక తన డొల్లతోనే మ్రోగునది. ఇండ్లలో జరుగు ప్రార్థన కూటములలో అతడు వాయించగా అందరును సంతోషించిరి. అయితే ఆదివారమునాడు డోలకు, తాళములు, 100 గొంతులు కలియగా అతని చేయి ఆడుట కనబడునే గాని ధ్వని వినబడదు. అందుచేత గిటారుకు ఒక ఆంప్లిఫయరు కావలెనని అతడు సంఘ కమిటీని అడిగెను. అది న్యాయమైన మనవియే.

ఆ కమిటీలో నేనును ఒక పెద్దను. బడిలో ఉపాధ్యాయుడనై పని చేసి విశ్రాంతి తీసికొనుచున్నవాడను. అంతకు ముందు క్రిస్మసునాడు పొరుగు గ్రామపు సంఘమువారు మనిషి నడుము ఎత్తు పెట్టె ఒకటి తెచ్చి గుడి ముందర నిలిపిరి. దాని ధ్వని మా వీధివరకు వచ్చెను. ఆ సంగతి నా మనస్సులో ముల్లువలె గ్రుచ్చుకొనియుండెను. “మనకు దానికి తక్కువది రాకూడదు” అని కమిటీలో పలికినవాడను నేనే. పట్టణమునకు వెళ్లి, ఎవరో వాడి అమ్మివేసిన విద్యుత్ గిటారు ఆంప్లిఫయరును, దానిమీద 100 వాట్లు అని అచ్చు వేసియుండుట చూచి కొంటిమి. దానికి చెల్లించిన సొమ్ము ఎక్కడిది? మా స్త్రీల సమాజమువారు పూటపూటకు పిడికెడు బియ్యము తీసి దాచి, అమ్మి, కూడబెట్టినది. గోపురము కట్టదలచినవాడు ముందుగా కూర్చుండి ఖర్చు లెక్క చూచుకొనవలెనని ప్రభువు చెప్పిన ఉపమానము (లూకా 14:28) నేనెన్నోసార్లు బోధించితిని. ఆ దినమున పెట్టె మీది అంకె చూచితిని గాని లెక్క చూచుకొనలేదు.

మొదటి ఆదివారము పెట్టె మ్రోగెను. యౌవనులు సంతోషించిరి, నేనును సంతోషించితిని. రెండవ ఆదివారము అది నడుమ నడుమ కీచుమని కూయసాగెను. ఒక చంటిబిడ్డ జడిసి ఏడ్చెను. మూడవ ఆదివారము నేను అవ్వవైపు చూచితిని. ఆమె పెదవులు కదలుట లేదు. ఆరాధన ముగిసిన తరువాత చెట్టు క్రింద ఆమెను అడిగితిని:

“అవ్వా, ఒంట్లో బాగుండలేదా? పాడలేదేమి?”

“ఒంటికేం మేష్టారూ, బాగానే ఉంది. నా గొంతు నాకే ఇనపడట్లా. నోరు ఊరికే ఆడిత్తే పాటవుద్దా?”

ఆమె కోపముతో పలుకలేదు, ఫిర్యాదు చేయలేదు. అందువలననే ఆ మాట నన్ను విడువలేదు.

ధ్వనిని పెంచుట తప్పా?

ఆ దినము ఇంటికి వచ్చి, ఈ యంత్రములన్నియు లోకసంబంధమైనవని త్రోసివేయుదమా అనుకొంటిని. అట్లు తలంచుట సులభము గాని వాక్యము అట్లు చెప్పుట లేదు. యోతాము గెరిజీము కొండ కొనమీద నిలిచి బిగ్గరగా కేకవేసి షెకెము వారితో మాటలాడెను (న్యాయాధిపతులు 9:7). జనులకు వినబడుటకును కనబడుటకును ఎజ్రా కఱ్ఱతో చేసిన ఎత్తైన పీఠముమీద నిలిచి ధర్మశాస్త్రమును చదివెను (నెహెమ్యా 8). మన ప్రభువు జనసమూహము మూగినప్పుడు దోనె ఎక్కి, ఒడ్డున నున్నవారికి బోధించెను (మార్కు 4:1). కొండయు, పీఠమును, దోనెయు మాటను దూరము మోయుటకు దొరికిన సాధనములు. వెనుక వరుసలో కూర్చున్న చెవిటి తాతకు వినబడవలెనని కోరుట ప్రేమ కార్యమే.

గిటారు స్వభావముచేత మెత్తని వాద్యము. అది వినబడవలెనను కోరిక కరెంటు పెట్టెకంటె పాతది. 1927లో అమెరికాలో జాన్ డోప్యెరా అనునతడు అల్యూమినియము గిన్నెలను డొల్లలో అమర్చి ధ్వని పెంచు గిటారును చేసెను. 1931లో మార్టిన్ సంస్థవారు డ్రెడ్‌నాట్ అను పెద్ద డొల్ల గిటారులను తమ పేరుమీద అమ్మనారంభించిరి. నేడు మన యౌవనుల చేతులలో కనబడు గిటారులలో అనేకములు ఆ ఆకారమువే. అదే కాలమున విద్యుత్ గిటారును పుట్టెను.

ఈ విషయములో గొప్ప విద్వాంసులకును భిన్నాభిప్రాయములు ఉండెను. స్పెయిను దేశస్థుడైన ఆంద్రేస్ సెగోవియా (1893–1987) పెద్ద పెద్ద సభాశాలలలో సైతము యంత్రము లేకుండ వాయించెడివాడు. శ్రోతలే నిశ్శబ్దముగా ఉండి చెవియొగ్గవలెనని అతని పద్ధతి. అతని యొద్ద నేర్చుకొన్న జాన్ విలియమ్స్ (1941లో ఆస్ట్రేలియాలో పుట్టినవాడు) పెద్ద వాద్యబృందముతో కలిసి వాయించునప్పుడు తన గిటారు మునిగిపోకుండునట్లు యంత్రసహాయము తీసికొనెను. గురువు చెవులను నిశ్శబ్దమువైపు పిలిచెను; శిష్యుడు వాద్యమును చెవులయొద్దకు తెచ్చెను. వినబడుటయే ఇద్దరి ఉద్దేశము.

క్రిస్మసునాడు లోకమంతట పాడు “సైలెంట్ నైట్” అను కీర్తన సంగతియు జ్ఞాపకము చేసికొనుడి. 1818 డిసెంబరు 24వ తేదీన, ఆస్ట్రియా దేశములో సాల్జ్‌బర్గుకు సమీపముననున్న ఓబెర్న్‌డార్ఫ్ అను ఊరి గుడిలో అది మొదటిసారి పాడబడెను. జోసెఫ్ మోర్ అను పాదిరి మాటలు వ్రాసెను. ఫ్రాంజ్ గ్రూబర్ అను బడిపంతులు రాగము కట్టెను. రెండు గొంతులు, ఒక గిటారు, అంతియే. ఆ రాత్రి దానిని విన్నవారు కొలదిమంది. ఆ పాట మాత్రము భూదిగంతములవరకు వెళ్లెను. పాటను దూరము తీసికొనిపోవునది వాట్లు మాత్రమే కాదని దీనివలన తెలియుచున్నది.

కాబట్టి పెంచవచ్చునా అనునది అసలు ప్రశ్న కాదు. ఏమి పెంచుచున్నాము, ఎంత పెంచుచున్నాము, ఎవరి ఖర్చుతో పెంచుచున్నాము అనునవే మనము అడుగవలసిన ప్రశ్నలు.

ఉన్నదానిని ఉన్నట్లు పలుకుట

మేము చేసిన మొదటి తప్పు పెట్టె జాతిని తెలిసికొనకపోవుట. ఆ తరువాత మా యౌవనస్థుడు చదివి తెలిసికొని నాకు నేర్పెను. డెబ్బదియేండ్ల ఉపాధ్యాయుడు ఇరువదియేండ్లవాని యొద్ద పాఠము నేర్చుకొనుట మంచిదే.

చెక్క గిటారులో తీగె కదలగా ఆ కదలిక బ్రిడ్జి అను కఱ్ఱముక్కద్వారా పైపలకకు చేరును; పలకయు డొల్లలోని గాలియు కలిసి మ్రోగును. లావు తీగె సెకనుకు సుమారు 82 సార్లు కంపించును. గిటారు ధ్వనికి మెరుపునిచ్చు సన్నని నాదములు సెకనుకు 5,000 కంపనములను దాటి పైకి పోవును. ఆ లావును, ఆ సన్నమును రెండును కలిసియున్నప్పుడే అది చెక్క గిటారు గొంతు.

విద్యుత్ గిటారు సంగతి వేరు. దానికి పెట్టెయే సగము వాద్యము. ఆ పెట్టెలోని స్పీకరు సుమారు 5,000 కంపనములకు పైబడిన ధ్వనులను చాలవరకు అణచివేయును. ధ్వనిని ఇంచుక గరగరలాడించుటయు దాని పనియే. ఆ వాద్యమునకు అది అందమే. చెక్క గిటారును అదే పెట్టెకు కలిపినప్పుడు పైనాదములు పోయి, మిగిలినది డబ్బాలో పలికినట్లుండును. మా గుడిలో జరిగినది ఇదియే. చెక్క గిటారు కొరకు చేసిన ఆంప్లిఫయరులో లావు ధ్వనికి ఒక స్పీకరును, సన్నని ధ్వనికి చిన్న స్పీకరును ఉండును. దాని పని తనదేమియు కలుపక, వచ్చినదానిని వచ్చినట్లుగా పెద్దది చేయుట.

గిటారునుండి ధ్వని పెట్టెకు చేరు మార్గమును తెలిసికొనదగినదే. ఈ కాలపు చెక్క గిటారులలో అనేకములకు తీగెల క్రింద పీజో అను సన్నని పట్టీ ఉండును. కొన్ని స్ఫటికములను ఒత్తినప్పుడు విద్యుత్తు పుట్టునని 1880లో క్యూరీ సోదరులు కనుగొనిరి. ఈ పట్టీ పని చేయుట ఆ సూత్రముమీదనే. ఆ విద్యుత్తు మిక్కిలి బలహీనమైనది. దానిని అందుకొను ద్వారము సున్నితమైనది కాకపోయినయెడల, అనగా 10,00,000 ఓములకు తక్కువ కాని నిరోధము గలది కాకపోయినయెడల, లావు ధ్వని జారిపోయి పీలగొంతు మిగులును. గిటారు ప్రక్కనే 9 వోల్టుల బ్యాటరీతో చిన్న యంత్రము అమర్చియున్నట్లయిన ఆ పని అక్కడనే జరుగును. లేనియెడల పెట్టెయే ఆ పని చేయవలెను. బలహీనమైన స్వరమును వినుటకు సిద్ధపడిన చెవి కావలెను. ఇది పెట్టెలకే గాక సంఘ పెద్దలకును వర్తించునని నాకు తోచినది.

పిల్లనగ్రోవియైనను వీణయైనను స్వరములలో భేదము కలుగజేయనియెడల ఏమి ఊదబడెనో ఏమి మీటబడెనో ఎవరికి తెలియునని పౌలు కొరింథీయులను అడుగుచున్నాడు (1 కొరింథీ 14:7). ధ్వని ఎంత గొప్పదని అతడు అడుగలేదు. స్పష్టమైనదా అని అడిగెను. మంచి ఆంప్లిఫయరు నమ్మకమైన సాక్షి వంటిది. సాక్షి తాను చూచినదానికి సొంతమాట కలిపినయెడల ఎంత బిగ్గరగా చెప్పినను అది సాక్ష్యము కాదు. ఇంకొకటి. పెట్టె మంచిదైన కొలదియు వాయించువాని తప్పును అంత స్పష్టముగా వినిపించును. పెద్దది చేయుట వేరు, మంచిది చేయుట వేరు. సాధన లేని చేతికి ఏ పెట్టెయు సహాయము చేయజాలదు.

అంకెల గర్వము

100 అను అంకెను చూచి నేను మోసపోతినని వ్రాసితిని. 100 వాట్ల పెట్టె 50 వాట్ల పెట్టెకంటె రెట్టింపు బిగ్గరగా పలుకునని నేను తలంచితిని. అది నిజము కాదు. తక్కినవన్నియు సమానమైనప్పుడు వాట్లు రెట్టింపైతే ధ్వని పెరుగునది 3 డెసిబెల్లులు మాత్రమే. చెవికి అది స్వల్పమైన భేదము. రెట్టింపు బిగ్గరగా ఉన్నట్లు చెవికి తోచవలెనన్న సుమారు 10 డెసిబెల్లులు, అనగా పదిరెట్లు వాట్లు కావలెను. దేవుడు మన చెవిని అట్లు చేసెను: చెట్టుకొమ్మ అల్లాడుటను వినును, ఉరుమును తాళును. అంకెలు పెరిగినంత మాత్రమున చెవి లొంగదు.

మా గుడివంటి చోట, మా 100 మందికి, 60 వాట్లకు లోపలి పెట్టె చాలినదని ఇప్పుడు అనుభవమువలన చెప్పగలను. సిమెంటు గోడలకును రేకులకును తగిలి ధ్వని మరల మరల తిరిగివచ్చుచున్న చోట వాట్లు పెంచినకొలది గందరగోళమే పెరుగును. అయినను నేను 100 కొనిపించితిని. అది గిటారు అవసరము కాదు. పొరుగు గ్రామముమీది నా పంతము. పిడికెడు బియ్యము సొమ్ముతో నా పంతమును కొంటిని. ఈ వాక్యము వ్రాయుటకు నాకు రెండు సంవత్సరములు పట్టినది.

పెట్టె ఎందుకు కూయును?

ఇక ఆ కీచుకూత సంగతి. పెట్టెనుండి వచ్చిన ధ్వని గిటారు పైపలకను తాకి దానిని మరల కదలించును. ఆ కదలిక మరల పెట్టెలోనికి పోయి, మరింత పెద్దదై వచ్చి, మరల పలకను తాకును. క్షణములో అది కూతగా మారును. అప్పుడు పెట్టె పాటను వినుట మానివేసి తన ధ్వనిని తానే వినుచున్నదన్నమాట. తనను గూర్చిన మాటలే తన చెవిన పడుచుండగా పెరిగిపోవు మనుష్యుని స్థితియు ఇట్టిదే. ఆ మనుష్యుడు ఎవడో నాకు తెలియును.

దీనికి మందులు చులకనైనవే. పెట్టెను గిటారుకు ఎదురుగా గాని మరీ దగ్గరగా గాని ఉంచకూడదు. గిటారు గుండ్రని రంధ్రమునకు రబ్బరు మూత పెట్టవచ్చును. ఏ స్వరమునొద్ద కూయుచున్నదో ఆ ఒక్క స్వరమును తగ్గించు మీట మంచి పెట్టెలలో ఉండును. అన్నిటికంటె మొదటి మందు, ధ్వని తగ్గించుట.

గోడకు అవతలివాడు

మా గుడి ప్రక్క ఇంటివారు మన విశ్వాసమువారు కారు. ఆ ఇంట మంచముపట్టిన ముసలాయన ఉండెను. వారెన్నడును మమ్మును ఒక మాట అనలేదు. మేము అడుగవలసినదని మాకును తోచలేదు.

2000 సంవత్సరమున కేంద్ర ప్రభుత్వమువారు ధ్వని కాలుష్య నియమములను చేసిరి. వాటి ప్రకారము నివాస స్థలములలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్లులు మితి. లౌడుస్పీకరు వాడుటకు అధికారుల వ్రాతపూర్వకమైన అనుమతి కావలెను. రాత్రి 10 గంటలు మొదలు ఉదయము 6 గంటలవరకు బయట వాడరాదు. అదే సంవత్సరము ఆగస్టు 30వ తేదీన సుప్రీము కోర్టువారు ఒక తీర్పు చెప్పిరి. ఆ వ్యాజ్యెము చెన్నపట్టణములోని ఒక క్రైస్తవ సంఘమునకును ఇరుగుపొరుగువారికిని మధ్య నడచినది. ఇతరుల నెమ్మదిని చెరిపి ప్రార్థన చేయవలెనని గాని, ఆంప్లిఫయరులతోను డప్పులతోను ప్రార్థింపవలెనని గాని ఏ మతమును చెప్పుట లేదని న్యాయమూర్తుల తీర్పు సారాంశము.

మన సంఘములలో ఒకదానికి ఈ మాటను న్యాయస్థానము చెప్పవలసి వచ్చినదని చదివినప్పుడు నేను సిగ్గుపడితిని. ఏలయనగా ఇది మన గ్రంథములోనే వ్రాయబడియున్నది. వేకువనే లేచి గొప్ప శబ్దముతో స్నేహితుని దీవించువాని దీవెన శాపముగా ఎంచబడునని సొలొమోను చెప్పెను (సామెతలు 27:14). దీవెన చెడ్డది కాదు. వేళయు శబ్దమును దానిని చెరుపుచున్నవి. మీ పాటల ధ్వనిని నా యొద్దనుండి తొలగించుడని ఆమోసు నోట దేవుడు పలికెను (ఆమోసు 5:23). అచ్చట వాద్యములలో లోపము లేదు, పొరుగువానికి న్యాయము లేకపోయెను.

దావీదు సౌలు ఎదుట సితారా వాయించిన సంగతి మీకు తెలియును (1 సమూయేలు 16:23). ఆ గదిలో వినవలసినవాడు నెమ్మది లేని ఒక్క మనుష్యుడు. అతనికి తగినంతయే ధ్వని, అతనికి తగినదే రాగము. అందువలన సౌలు సేదదీరెను. ఎంత బిగ్గరగా అను ప్రశ్నకు నాకు దొరికిన మంచి ఉత్తరము ఇది: వినువానికి సేదదీర్చునంత.

మరల ఎన్నుకొన్న విధము

ఒక సంవత్సరము గడచిన తరువాత పాత పెట్టెను అమ్మివేసితిమి. కొన్న ధరకు వచ్చిన ధర చాలలేదు. ఆ నష్టమును నా పింఛనులోనుండి స్త్రీల సమాజమువారికి చెల్లించితిని. దీనిని ఎవరును దాతృత్వమనవద్దు, అది బాకీ. ఇప్పుడు ఇతర సంఘములవారు మమ్మును అడుగుచున్నారు గనుక, రెండవసారి మేము పాటించిన సంగతులను చెప్పుచున్నాను.

మొదటిది, మా గిటారును మాతో కూడ దుకాణమునకు తీసికొనిపోతిమి. అంగడివాని గిటారు అంగడిలో బాగుగనే పలుకును. మొదట కరెంటు లేకుండ ఒక కీర్తన వాయింపించి, తరువాత అదే కీర్తనను పెట్టెద్వారా వాయింపించితిమి. నేను వీపు త్రిప్పి నిలుచుండి వింటిని. రెండును ఒకే గిటారువలె వినబడిన పెట్టెయే మాకు కావలసినది.

రెండవది, పెట్టెకు రెండు ద్వారములు ఉండవలెనని చూచితిమి. ఒకటి గిటారుకు, ఒకటి మైకుకు. చిన్న కూటములలో పాస్టరుగారి మాటకును అదే పెట్టె ఉపయోగపడుచున్నది.

మూడవది, మా ఊరిలో కరెంటు పోవుట వాడుక గనుక బ్యాటరీతో కూడ పని చేయునది ఎంచుకొంటిమి. కరెంటుతో వాడునప్పుడు ఎర్తు సరిగానున్న మూడు పిన్నుల ప్లగ్గు తప్పనిసరి. గిటారు తీగెలు ఇనుము, మైకు ఇనుము, రెండింటిని తాకువాడు మన బిడ్డ. ఈ ఒక్క విషయములో ఖర్చు చూడకుడి.

నాలుగవది, ధ్వని ఎంత పెట్టవలెనో వాయించువాడు నిర్ణయించరాదు. అతడు పెట్టెకు దగ్గరగా నుండును. కడవరి వరుసలోనివాని చెవి అతనికి లేదు. కాబట్టి ప్రతి ఆదివారము ఒకరు వెనుక వరుసలోనికి పోయి, ఒకరు గుడి బయట ప్రక్క ఇంటి గోడయొద్దకు పోయి విందురు. వెనుక వరుసలో స్పష్టముగా వినబడి, గోడయొద్ద మంచముమీది మనుష్యునికి బాధ లేనంతయే మా మితి. అచ్చట వినుటకు వెళ్లునది నేనే. మొదటిసారి వెళ్లిన దినముననే ఆ ఇంటివారితో మాటలాడి క్షమాపణ అడిగితిని. “ఇన్నాళ్లకు అడిగారు” అని మాత్రము ఆ ఇంటి కోడలు అనెను.

అయిదవది కమిటీ తీర్మానము కాదు. మా యౌవనస్థుని ఆలోచన. మొదటి కీర్తన మొదటి చరణమును పెట్టె స్విచ్చి వేయకుండ పాడుదుమని అతడు అనెను. “మేష్టారూ, పెట్టె ఆపితే పాట ఆగిపోయినట్లయితే, మనము ఇంతవరకు పాడుచున్నది పెట్టెయే గదా” అని అతడు చెప్పినప్పుడు నాకు బదులు దొరకలేదు.

ఆ మొదటి ఆదివారము పాస్టరుగారు సంఖ్య చెప్పిరి. ఎవరును ఎత్తుకొనలేదు. ఒక సంవత్సరము పెట్టె వెనుక నడచినవారికి ముందు నడచుట మరపునకు వచ్చినది. పిల్లలు ఒకరి ముఖమొకరు చూచుకొనిరి. అప్పుడు అవ్వ ఎత్తుకొన్నది. గొంతు పూర్వమువలె లేదు. శ్రుతి బాగుగా దిగిపోయినది. యౌవనస్థుడు వాయించుచున్న శ్రుతికి అది కలియలేదు. అతడు వెంటనే చేయి ఆపి, ఆమె పాదములయొద్ద చాపమీద కూర్చుండి, చెవి వంచి విని, ఒక్కొక్క తీగెను వదులు చేసి, తన గిటారును ఆమె గొంతుకు దింపుకొనెను. రెండవ చరణమునకు స్విచ్చి వేయవలసియున్నది. ఆ దినమున ఎవరును వేయలేదు.

దేవాలయ ప్రతిష్ఠనాడు బూరలు ఊదువారును గాయకులును ఒక్క స్వరముగా వినబడినప్పుడు మేఘము మందిరమును నింపెను (2 దినవృత్తాంతములు 5:13). ఒక్క స్వరమనగా ఒకరి స్వరము తక్కినవారిని మింగివేయుట అని నేను ఒక సంవత్సరము తలంచితిని. అది కాదని అక్షరము రాని అవ్వయు, ఇరువదియేండ్ల కుఱ్ఱవాడును నాకు నేర్పిరి.

ప్రియులారా, మీ సంఘములో ఏ యంత్రము కొనదలచినను, కొనకముందు ఈ మూడు ప్రశ్నలను మోకాళ్లమీద అడుగుకొనుడి. ఇది ఉన్న స్వరమును ఉన్నట్లు పలుకునా? దీనివలన ఎవరి స్వరము మునిగిపోవును? నేను దీనిని కోరుచున్నది పాట కొరకా, నా పేరు కొరకా?

ప్రభువా, మా గొంతులను ఇచ్చినవాడవు నీవే. బలహీనుని పాటను వినుటకు మాకు చెవులను దయచేయుము. తగ్గించుకొనవలసిన చోట తగ్గించుకొనుటకు మాకు నేర్పుము. ఆమేన్.